అలకరాయి ఎత్తు

...అయినా ఒక రాయి ఎవరిదీ కాకుండా ఉండిపోతే ఎవరికేం నష్టం, అని అతను రేవు మెట్ల మీద ఆగి మళ్ళీ మొదటికొచ్చాడు. చిన్నపిల్లలు మిఠాయిని ఒకసారి నాకి ఇది నాది అంటారు. ఎంగిలి చేశాక ఎవరూ ముట్టరన్న ధీమా. దేశాలకి నాలుక ఉండదు కనక జెండా పాతుతాయి. తేడా ఒక్కటే. పిల్లలు తినబోయేదాన్నే నాకుతారు. దేశాలు తినలేనిదాన్ని కూడా నాకి పెట్టుకుంటాయి, పక్కవాడు తినకూడదని.

ఇలాంటి ఆలోచనలు సీక్రెట్ ఏజెంటుకి పనికిరావు. ట్రైనింగులో నేర్పిన ఆలోచనలు మూడే: నన్నెవరు చూస్తున్నారు, తలుపు ఎటుంది, ఎదుటివాడి కుడిచెయ్యి ఎక్కడుంది. అతనికి ఆ మూడూ వస్తాయి. కాని ఆలస్యంగా వస్తాయి. ఈలోపు వేరేవి వచ్చి కుర్చీలు వేసుకుని కూర్చుంటాయి. అందుకే డిపార్ట్‌మెంటులో అతన్ని తాబేలు అంటారు. పదకొండేళ్ళ సర్వీసులో పద్నాలుగు పేర్లు మార్చాడు గాని ఈ ఒక్క పేరు మాత్రం అతన్ని వదల్లేదు.

మెట్ల కింద నీళ్ళు పాచిపట్టిన రాళ్ళని తడిమి వెనక్కి పోతున్నాయి. అతని ఖాకీ చొక్కా రెండో బొత్తంలో కెమెరా ఉంది. చేతిలో టిఫిన్ క్యారియర్. దాని అడుగు గిన్నెలో ట్రాన్స్‌మిటర్, పై గిన్నెలో అక్క సర్దిన భోజనం. చెవి మీద పెన్సిలు. పెన్సిలు మాత్రం పెన్సిలే.

బ్రీఫింగ్ శనివారం జరిగింది, డ్రైక్లీనింగ్ దుకాణం మీది గదిలో. కింది ఇస్త్రీ ఆవిరి చెక్కల సందుల్లోంచి పైకి వస్తూ ఉండడం వల్ల డిపార్ట్‌మెంటు రహస్యాలన్నీ ఎప్పుడూ కాస్త చెమ్మగా ఉండేవి. డిపార్ట్‌మెంటు పెద్దాయన గోడకి మ్యాపు తగిలించి వేలు పెట్టి చూపించాడు.

"ఏం కనిపిస్తోంది?"

"నీళ్ళు సార్."

"నీళ్ళ మధ్యలో?"

"ఈగ రెట్ట అనుకున్నాను."

"అది అలకరాయి. మన ఒడ్డుకి నలభై మైళ్ళు. ఎదుటి దేశం ఒడ్డుకి నలభై మైళ్ళు. ఇన్నాళ్ళూ ఎవరికీ అక్కర్లేదు. ఇప్పుడు ఇద్దరికీ కావాలి."

ఆ పేరు పెట్టింది రెండు ఒడ్ల జాలర్లూ. కోపం వచ్చిన మనిషి దుప్పటి ముసుగు తన్నినట్టు, పోటు వచ్చినప్పుడల్లా ఆ రాయి నీళ్ళని తలమీదికి లాక్కుంటుంది. ఆటుకి మళ్ళీ మొహం చూపిస్తుంది. ఇందులో చట్టం ఎక్కడుందో పెద్దాయన విడమరిచి చెప్పాడు. పెద్ద పోటుకి కూడా మునగని రాయి నేల కింద లెక్క. నేలకి సొంతదారు ఉండొచ్చు. ఆ సొంతదారుకి రాయి చుట్టూ పన్నెండు మైళ్ళ సముద్రం వస్తుంది, అందులో వేరే పడవ వల వెయ్యకూడదు. మునిగే రాయైతే అది ఉట్టి సముద్రం. ఎవరిదీ కాదు. ఎత్తు కొలవడానికి రెండు దేశాలూ ఒప్పుకున్న కమిషన్ వస్తోంది: దూరదేశం నుంచి ఒక ముసలి జడ్జి, ఒక ఇంజనీరు. శుక్రవారం ఉదయం పది నలభైకి కొలత.

"మునిగే రాయేగా సార్. కొలుచుకోనివ్వండి."

పెద్దాయన ఒక కాగితం ముందుకి తోశాడు. ఎదుటి దేశం ముఠా పంపుకున్న మెసేజ్. డీకోడ్ చేస్తే ఒక్కటే వాక్యం: పాపకి ఎత్తుపీట వేయండి.

"రాయి మీద సిమెంట్ పోస్తారు," అన్నాడు పెద్దాయన. "అక్కడ నేవీని కాపలా పెట్టాం. ఒడ్డున నువ్వు. ఆటుపోట్ల ఆఫీసులో టెంపరరీ అసిస్టెంటువి. మీ అక్కగారిది ఆ ఊరే కదా."

"అక్కని ఇందులోకి లాగడం..."

"అక్కని కాదయ్యా, అక్క ఇంటిని. తమ్ముడు పని లేక అక్క పంచన చేరాడంటే ఏ ముఠా అనుమానించదు. జాలిపడుతుంది."

చివర్లో ఒక ఫోటో ఇచ్చాడు. నల్లద్దాలు, మెడకి ఆకుపచ్చ స్కార్ఫు, కెమెరాని తనే పిలిపించుకున్నట్టున్న నవ్వు. కమిషన్‌కి దుబాసి ఆవిడ.

"ఆరు భాషలొచ్చు. ఆరింటిలోనూ నిజం చెప్పదు."

"మన మనిషా, వాళ్ళ మనిషా సార్?"

"మధ్యాహ్నం భోజనం దాకా మన మనిషి. తర్వాత నాకు తెలీదు."

అక్క అనుమానించలేదు, జాలీ పడలేదు. తిట్టింది. ఆవిడ లెక్కలో అతను ఇన్సూరెన్సు, వాటర్ ఫిల్టర్లు, లిఫ్టుల రిపేరు అన్నీ మొదలుపెట్టి అన్నీ పోగొట్టుకున్నవాడు. ప్రతి మిషన్ ముగిసినప్పుడల్లా అతని ఉద్యోగం ఊడినట్టు ఇంటికి కబురు అందేది. ఒకసారి మూడువందల మంది ఉన్న రైలు పేలిపోకుండా ఆపాడు. ఆ వారమే అక్క ఫోన్ చేసి, ఎక్కడైనా నిలకడగా ఉండరా, తిరిగే రాయికి నాచు కూడా పట్టదు అని ఏడ్చింది. చెప్పడానికి నోటిదాకా వచ్చింది. రూలు గుర్తొచ్చి, ఫిల్టర్లకి మార్కెట్టు బాగాలేదక్కా అన్నాడు.

బావకి ఒక పడవలో వాటా ఉంది. వరండాలో కాలి బొటనవేలికి వల కంటిని తగిలించుకుని బాగుచేస్తూ, అలకరాయి దగ్గర జరిగిన సంగతి నవ్వుతూ చెప్పాడు. పోయిన నెల ఎదుటి దేశం గస్తీ పడవ వచ్చి, ఇది మా రాయి అని వల కోసిందట. రెండు వారాలకి మన గస్తీ పడవ వచ్చి, కాదు ఇది మా రాయి అని, ఆ మాట రుజువు చెయ్యడానికి మళ్ళీ అదే వల కోసిందట. ఇద్దరి దగ్గరా ఒకే కంపెనీ కత్తి, అన్నాడు బావ, కోత ఒకేలా ఉంది చూడు.

"ఒక్క మాట చెప్పరా," అంది అక్క గిన్నెలు కడుగుతూ. "బస్సు కిటికీలోంచి సీటు మీద రుమాలు విసిరినవాడు కనీసం బస్సెక్కుతాడు. వీళ్ళెప్పుడైనా ఆ రాయి మీద కూర్చున్నారా?"

"దాని మీద కూర్చోలేరక్కా. జారుతుంది."

"మీ బావ కూర్చున్నాడు. ఇంజను పాడైన రోజు ఆరు గంటలు. అయినా నాది అన్లేదు."

"పోటొచ్చింది, లేచొచ్చేశాను," అన్నాడు బావ. "ఖాళీ చెయ్యమని అంత మర్యాదగా చెప్పే ఇంటివాణ్ణి నేనింకెక్కడా చూళ్ళేదు."

దారం లాగి ఇంకో ముడి బిగించాడు. తర్వాత బావ తల ఎత్తకుండానే, ఆ రాయి చుట్టూ తప్ప ఇప్పుడు చేప ఎక్కడా లేదని, అది ఎవరిదైనా అయిననాడు పడవ వాటా వదిలేసి కోల్డ్ స్టోరేజీ గేటు దగ్గర వాచ్‌మన్ స్టూలెక్కి కూర్చుంటానని అన్నాడు. మాట వరసకన్నట్టే అన్నాడు. అక్క కడుగుతున్న గిన్నెనే మళ్ళీ కడిగింది.

ఆటుపోట్ల ఆఫీసు అంటే రేవు గోడని ఆనుకుని ఉన్న ఒకే ఒక గది. లోపల బల్ల, బరువైన రిజిస్టరు, గోడకి బారోమీటరు. నీటిమట్టాన్ని తనంతట తనే గీసుకునే యంత్రం ఒకటి ఉంది గాని పదకొండు నెలల క్రితం ఆగిపోయింది. దాని రిపేరు ఫైలు మాత్రం ఆగకుండా తిరుగుతోంది. అందువల్ల ఇప్పుడున్నదల్లా మెట్ల పక్కన రేవు గోడకి బిగించిన పొడవాటి చెక్క బోర్డు. దాని మీద సెంటీమీటర్ల అంకెలు. నీళ్ళు ఏ అంకెని తాకితే అది ఆ గంట నీటిమట్టం.

ముప్పై ఒక్క ఏళ్ళుగా రోజుకి నాలుగుసార్లు ఆ బోర్డు చదువుతున్న గుమస్తాగారు కొత్త అసిస్టెంటుకి పని నేర్పడానికి చాలా ఉత్సాహపడ్డాడు. ఇంతవరకూ ఆయనకి అసిస్టెంటే లేడు.

"ముందు గోడని చూడు బాబూ, తర్వాత బోర్డుని చూడు," అన్నాడు. "బోర్డు ఆఫీసువాళ్ళు పెట్టింది. గోడ మీద ఆ తెల్ల గుల్లలు సముద్రం పెట్టింది."

చూశాడు. రేవు గోడ పొడుగునా, స్కేలు పెట్టి గీసినట్టు, ఒక ఎత్తు దాకా గుల్లలు దట్టంగా అంటుకుని ఉన్నాయి. ఆ పైన ఒక్కటి లేదు. రోజూ తడిసేంత వరకే అవి బతుకుతాయట. బోర్డు మీద కూడా అవే గుల్లలు, అదే ఎత్తు. గోడా బోర్డూ కలిసి ఒకటే గీత. పొద్దున రాగానే ఆ గీత కలిసిందా లేదా చూసుకోవడం ఆయనకి అలవాటు. ఎందుకని ఎవరూ అడగలేదు. ఆయనకీ చెప్పే అవకాశం రాలేదు.

శుక్రవారం లెక్క కూడా ఆయనే చెప్పాడు. పది నలభైకి ఇంజనీరు అక్కడ, రాయి కొన నీటి మీదికి ఎంత పొడుచుకొచ్చిందో కొలుస్తాడు. అదే నిమిషంలో ఇక్కడ బోర్డు చదువుతారు. రెండూ కలుపుతారు. ఈ రిజిస్టరు ప్రకారం పెద్ద పోటు సగటు మూడువందల ముప్పై. మొత్తం అది దాటితే నేల, దాటకపోతే సముద్రం.

"మునగడం కళ్ళతో చూస్తే చాలదాండీ?"

"కళ్ళతో చూసింది ఫైల్లో పెట్టడానికి రాదు బాబూ."

బుధవారం గుమస్తాగారికి ఆర్డరు వచ్చింది. రాజధానిలో మూడు రోజుల ట్రైనింగు, ఫైళ్ళు చక్కగా కట్టే విధానం మీద. ముప్పై ఒక్క ఏళ్ళలో ఇదే మొదటిసారి. కొత్త బూట్లు వేసుకుని, తాళాలు అసిస్టెంటు చేతిలో పెట్టి, పెళ్ళికొడుకులా రైలెక్కాడు. తాబేలుకి ఏదో తట్టినట్టయింది. తట్టింది గాని తలుపు తియ్యడానికి అతని బుర్రకి ఇంకొక రోజు పట్టింది.

గురువారం పొద్దున్నే మెట్లు దిగి, నేర్చుకున్న పాఠం ప్రకారం ముందు గోడని చూశాడు. తర్వాత బోర్డుని చూశాడు. మళ్ళీ గోడని చూశాడు.

గీత కలవలేదు. బోర్డు మీది గుల్లల గీత గోడ గీత కన్నా రెండు జానల కిందికి దిగి ఉంది.

ఒళ్ళంతా నిదానమైన ఒక సంతోషం పాకింది. ఈ మనిషికి భయం కన్నా ముందు అర్థంకావడం అనే సుఖం వస్తుంది. అదే అతని జబ్బు. బోర్డుని ఎవరో ఊడదీసి నలభై సెంటీమీటర్లు కిందికి దించి మళ్ళీ బిగించారు. బోర్డు బిగించిన మరల మీద తుప్పు కూడా ఉంది. గోటితో గీకితే తుప్పు కాదు, పూసిన రంగు లేచొచ్చింది. కొత్త బోర్డు పెడితే అనుమానం వస్తుందని పాతదాన్నే, గుల్లలతో సహా, ఒక్కటి రాలకుండా జాగ్రత్తగా దించారు. నమ్మించాలన్న ఆత్రంలో సాక్షిని కూడా వెంటబెట్టుకుని కదిలారు.

బోర్డు దిగితే అంకె పెరుగుతుంది. నీళ్ళు నూరు దగ్గర ఉంటే బోర్డు నూట నలభై అంటుంది. ఎత్తుపీట రాయి కింద వెయ్యలేదు, అంకె కింద వేశారు. నేవీ ఓడలు నలభై మైళ్ళ అవతల రాని సిమెంటు కోసం కాపలా కాస్తున్నాయి.

బొత్తం కెమెరాతో పన్నెండు ఫోటోలు తీశాడు. క్యారియర్ విప్పి అడుగు గిన్నెలోకి కోడ్‌వర్డ్ చెప్పాడు: నాకు జుట్టు పెరిగింది.

మంగలి దుకాణంలో ఒక కుర్చీలో పెద్దాయన ఉన్నాడు, సగం మొహం నురగలో. పక్క కుర్చీలో అతను కూర్చోగానే, డిపార్ట్‌మెంటు మనిషే అయిన మంగలి రేడియో గట్టిగా పెట్టాడు. అతను చెప్పాల్సిందంతా చెప్పాడు. పెద్దాయన నురగలో ఏ కదలికా లేదు.

"తెలుసు," అన్నాడు.

"ఎప్పటినుంచి సార్?"

"మంగళవారం నుంచి. నిన్ను పంపినప్పుడు నిజంగానే సిమెంటు అనుకున్నాం. తర్వాత దుబాసి రెండు పక్షాలనీ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టింది. రాయి మునిగితే ఇద్దరికీ పోతుంది. ముందు నేల కానీ. నేలయ్యాక ఎవరిదో కోర్టులో తేల్చుకుంటాం."

"కోర్టులో మనకేముంది సార్?"

"నూట పదేళ్ళ కిందట మన లెఫ్టినెంటు ఒకడు ఆ రాయి పక్కనుంచి వెళ్తూ టోపీ తీసి ఊపాడు. డైరీ ఉంది."

"టోపీ ఊపితే మనదవుతుందా?"

"వాళ్ళవాడు పక్కనుంచి వెళ్తూ తుమ్మాడంతే. మనదే గట్టి కేసు."

మంగలి నవ్వబోయి కత్తి పట్టుకున్న చెయ్యి గుర్తొచ్చి ఆగాడు. పెద్దాయన గొంతు తగ్గించాడు. రేపు గుమస్తా స్థానంలో బోర్డు చదవాల్సింది అతనే. ఆ వేళకి బోర్డు నూట నలభై చూపిస్తుందని ముందే లెక్క కట్టారు, అదే చదవాలి. సంతకం పెట్టాలి. అది ఆర్డరు.

"ఎవరిదీ కాకుండా ఉండనిస్తే ఏం సార్?"

"ఎవరిదీ కానిచోట ఎవడేం చేసినా అడిగేవాడుండడు. అది దేశాలకి నిద్ర పట్టనివ్వదు."

"అడిగేవాళ్ళు ఇద్దరొచ్చి మా బావ వల రెండుసార్లు కోశారు సార్."

పెద్దాయన మొదటిసారి అతని వైపు తిరిగాడు. నురగ ఉన్న సగానికి కోపం వచ్చిందో లేదో తెలియలేదు. లేని సగానికి వచ్చింది.

బయట వీధిలో అతను చాలాసేపు నడిచాడు. సైకిల్ రిపేరు షాపులు, మందుల దుకాణాలు, తడిసిన గోనెపట్టాల వాసన. ఎవరూ ఉండని చోటు కనకనే జెండా పాతుకోవచ్చన్నది చాలా పాత వాదన. పద్నాలుగు పేర్లు వాళ్ళు అతనిలో అలాగే పాతారు. లోపల ఎవరూ నివాసం ఉండడం లేదని ఏ మనస్తత్వ పరీక్షలోనో తేల్చుకునే పాతి ఉంటారు. అతనూ అభ్యంతరం చెప్పలేదు. చెప్పడానికి లోపల ఎవరైనా ఉండాలిగా. కాని ఈ నాలుగు రోజులుగా ఒక ఇంట్లో ఎవరో అతన్ని చిన్నప్పటి పేరుతో పిలిచి తిడుతున్నారు. తిట్టినప్పుడల్లా లోపల ఎవరో పలుకుతున్నారు. ఆ పేరు డిపార్ట్‌మెంటు ఫైల్లో లేదు. ఆ పలికేవాణ్ణి ఏం చెయ్యాలో అతనికి తెలియలేదు. ఖాళీ చెయ్యమందామా అంటే, అద్దెకున్నవాడిలా లేడు.

మధ్యాహ్నం మూడింటికి దుబాసి ఆఫీసుకి వచ్చింది. తలుపు దగ్గరే నిలబడి నల్లద్దాలు తీసింది.

"నీళ్ళు ఏ మెట్టు దాకా వచ్చాయి?"

"మెట్లే నీళ్ళ దాకా వెళ్ళాయి," అన్నాడతను. కోడ్ సరిపోయింది. అది తన ఒక్క డిపార్ట్‌మెంటు కోడే కాదని, రెండు డిపార్ట్‌మెంట్లకీ ఆవిడే ఒకటే కోడ్ అమర్చి పెట్టిందని అతనికి అప్పుడు తట్టింది.

ఆవిడ రిజిస్టరు పక్కన బల్ల మీద కూర్చుని, హ్యాండ్‌బ్యాగులోంచి లిప్‌స్టిక్ తీసి, కొన అతనివైపు ఉండేలా నిలబెట్టింది. ఇలాంటి లిప్‌స్టిక్‌లో రంగు ఉండదు. ఒక తూటా ఉంటుంది.

"మీరు నిదానస్తులని విన్నాను," అంది. "రేపు నిదానంగానే ఉండండి. జడ్జిగారికి మీ భాష రాదు. మీరేం మాట్లాడినా నా నోట్లోంచే ఆయన చెవిలోకి వెళ్ళాలి. నా నోరు ఒప్పందం వైపుంది."

"మీదే ఊరండీ?"

ఆ ప్రశ్న ఆవిడ ఊహించలేదు. నల్లద్దాలు మళ్ళీ పెట్టుకుంది.

"ఎవరడిగితే వాళ్ళ ఊరు," అని లిప్‌స్టిక్ తీసుకుని వెళ్ళిపోయింది.

శుక్రవారం పదిన్నర. ఆకాశం తెల్లగా, గాలి లేకుండా ఉంది. జడ్జి చేతికర్ర టకటకలాడించుకుంటూ రేవు మీదికి వచ్చాడు. ఎనభై ఏళ్ళుంటాయి. సూటు నలగలేదు గాని మనిషి నలిగాడు. పక్కనే దుబాసి, కుడిచెయ్యి హ్యాండ్‌బ్యాగులో. పది గజాల అవతల గడ్డి టోపీ పెట్టుకున్న టూరిస్టు ఒకడు గాలం వేసుకుని కూర్చున్నాడు. గాలానికి ఎర లేదు. పెద్దాయనకి ఎర గుచ్చడం అసహ్యం. తాబేలు చేతిలో వైర్‌లెస్ సెట్టు, దాని అవతలి కొసన అలకరాయి మీద ఇంజనీరు.

ఎవరు చూస్తున్నారు: అందరూ. తలుపు ఎటుంది: లేదు. ఎదుటి మనిషి కుడిచెయ్యి ఎక్కడుంది: తెలుసు. ఈసారి మూడూ సరైన సమయానికే వచ్చాయి. వాటితో ఏ ఉపయోగమూ లేదు.

పది ముప్పై ఏడుకి అతను జడ్జి వైపు తిరిగి, ఈ బోర్డుని నలభై సెంటీమీటర్లు కిందికి జరిపారండీ అన్నాడు. దుబాసి ఒక్క క్షణం కూడా తడుముకోకుండా అనువదించింది. జడ్జి చిరునవ్వుతో ఆకాశం వైపు చూసి, నిజమే, ఎండ తక్కువగా ఉంది అన్నట్టు తలూపాడు. అతను మళ్ళీ చెప్పాడు, ఒక్కొక్క మాటా విడదీసి. ఈసారి జడ్జి అతని భుజం తట్టి ఏదో అన్నాడు.

"మీ సేవలకి కృతజ్ఞతలు చెబుతున్నారు," అంది దుబాసి. బ్యాగులోంచి లిప్‌స్టిక్ తీసి మూత తిప్పింది, పెదాలకి వేసుకోబోతున్నట్టు.

గడ్డి టోపీ దగ్గింది.

వైర్‌లెస్ గరగరలాడింది. "రాక్ స్టేషన్. వాటర్ నుంచి టాప్, టూ వన్ జీరో. హార్బర్ రీడింగ్ ప్లీజ్. అరవై సెకన్లు."

రెండువందల పదీ నూట నలభై మూడువందల యాభై. నేల. రెండువందల పదీ నూరూ మూడువందల పది. సముద్రం. ఇంత చిన్న కూడిక చెయ్యడానికి రెండు దేశాలు ఇంత మందికి జీతాలిస్తున్నాయి. అతనికి ఎందుకో నవ్వొచ్చింది. నవ్వుతూనే, ఏమీ ఆలోచించకుండా, బహుశా పదకొండేళ్ళలో మొదటిసారి ఏమీ ఆలోచించకుండా, జడ్జి చేతిలోంచి కర్ర లాక్కున్నాడు.

మెట్లు దిగాడు. ఆఖరి మెట్టు మీద కాలు జారి మోకాలు పగిలింది. మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి, కర్రని అడ్డంగా పట్టుకుని, ఒక కొనని గోడ మీద గుల్లల గీతకి ఆనించాడు. రెండో కొనని సమానంగా బోర్డు మీదికి చాచి పట్టుకున్నాడు. ఆ కొన కింద బోర్డు బోసిగా ఉంది. రెండు జానల కింద గుల్లలు మొదలయ్యాయి.

వెనక ఏ చప్పుడూ లేదు. తూటా రావాల్సిన చోటు వీపులో ఎక్కడో దురదగా అనిపించింది. నీళ్ళు మాత్రం వస్తూ పోతూ ఉన్నాయి. ఎవరు ఎవరి మీద గురిపెట్టినా వాటికి పట్టలేదు.

తర్వాత మెట్ల మీద తోలుబూట్ల చప్పుడు వినిపించింది. జడ్జి ఒక్కో మెట్టే దిగి, బూట్లతోనే నీళ్ళలోకి వచ్చి అతని పక్కన వంగాడు. గోడ మీది గుల్లల్ని బొటనవేలితో రాశాడు. బోర్డు మీద బోసి చోటుని రాశాడు. ఒక మరని గోటితో గీకి, గోట్లో చిక్కిన ఎర్ర రంగుని వెలుగుకి ఎత్తి చూశాడు. అప్పుడు తల తిప్పి దుబాసిని చూశాడు. కేసులు విని విని అలిసిపోయిన చూపు అది. తీర్పుకి మాటలు అక్కర్లేని చూపు. ఇటు తిరిగి వేలెత్తి వైర్‌లెస్ సెట్టుని చూపించాడు.

"ఏమన్నారు?" అనడిగాడు తాబేలు, ఒగరుస్తూ.

దుబాసి లిప్‌స్టిక్‌కి మూత పెట్టింది.

"ఏమీ అన్లేదు," అంది. "పదిహేనేళ్ళుగా ఈ పని చేస్తున్నాను. నాతో పని పడకుండా ఇద్దరు మాట్లాడుకోవడం ఇదే చూడ్డం." ఆవిడ గొంతులో ఓటమి లేదు. ఎప్పుడు ఏ భాషలోకి మారాలో ఆవిడకి ఎప్పుడూ తెలుసు.

గడ్డి టోపీ గోడ అంచుకి వచ్చి వంగింది. గాలం నీళ్ళలో పడిపోయింది.

"ఆలోచించుకో," అన్నాడు పెద్దాయన పళ్ళ మధ్య నుంచి. "నీ సర్వీసు, నీ పేర్లు, అన్నీ పోతాయి. అసలు నువ్వెవరి మనిషివి?"

"హార్బర్," అంది వైర్‌లెస్. "పది సెకన్లు."

పగిలిన మోకాలికి ఉప్పునీళ్ళు తగిలి భగ్గుమంటోంది. ఆ మంట ఏ పేరుదో వెతకాల్సిన అవసరం కనిపించలేదు. తనకే మండుతోంది.

"గోడ మనిషిని సార్," అని, తడి బొటనవేలితో బటన్ నొక్కాడు. "హార్బర్ రీడింగ్. వన్ జీరో జీరో."